ఎక్కేవారు, దిగేవారు

ఖాజాగూడ గుట్టల కింద ఇల్లు. అక్కడి నుంచి ఆఫీసుకు ఒక బస్సు. బస్సు దిగితే అద్దాల మేడ. ఆ మేడలో రేఖ ఏం పని చేస్తుందని ఇరుగుపొరుగు అడిగితే, నాయినమ్మ సత్తెమ్మ గట్టిగా చెప్పేది:

"మా మనుమరాలు సామెతలు పెడ్తది."

నిజానికి రేఖది ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. విరిగిన కుర్చీలు మార్పించాలి. చలి అన్నవాళ్ల కోసం ఏసీ తగ్గించాలి, ఉక్క అన్నవాళ్ల కోసం పెంచాలి. కాఫీ మెషీన్ అలిగితే బతిమాలాలి. వీటితోపాటు లిఫ్టుల ముందున్న పెద్ద తెర మీద రోజుకో మంచిమాట పెట్టాలి.

ఇంతకాలం ఇంగ్లీషు మాటలు వచ్చేవి. వాటిని ఎవరూ చదివేవారు కాదు. అందుకని ఎవరికీ కోపం రాలేదు. ఈ ఏడు పై ఆఫీసువాళ్లు స్థానిక భాషను గౌరవించాలన్నారు. తెర మీదికి తెలుగు వచ్చింది. జనం చదవడం మొదలుపెట్టారు. చిక్కు అక్కడే వచ్చింది.

పొద్దున రేఖ జడ వేసుకుంటుంటే, బియ్యం చెరుగుతూ సత్తెమ్మ ఒక సామెత వదిలేది. రేఖ దాన్ని నోట్లోనే పెట్టుకుని ఆఫీసు దాకా మోసుకెళ్లేది.

"ఆడలేక మద్దెల ఓడు" అని పెట్టిన రోజు, ప్రోగ్రాములు రాసేవాళ్లు అది తమ మీదేనన్నారు. వాటిలో తప్పులు పట్టేవాళ్లు తెర పక్కన నిలబడి ఫొటోలు దిగారు. "ఓర్చినమ్మకు తేటనీరు" అంటే, ప్రమోషన్ రానివాళ్లు ఇంకెన్నేళ్లు ఓర్చాలన్నారు. నీళ్లకు కటకటలాడే మణికొండ నుంచి వచ్చేవాళ్లు మాత్రం, ఆ నీళ్ల ట్యాంకర్‌ ఫోన్ నంబరు ఉంటే ఇమ్మన్నారు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెట్టగానే శ్యామ్ అనే మేనేజరు రేఖ బల్ల దగ్గరికొచ్చి, "నా నోటికేమైంది?" అని మూడు గదుల అవతలికి వినపడేలా అరిచాడు. "ఐకమత్యమే మహాబలం" అన్నప్పుడైతే పై ఆఫీసు నుంచే ఫోను. అక్కడేమైనా యూనియన్ పెడుతున్నారా అని.

హెచ్‌ఆర్ చూసే బాలాత్రిపురసుందరి రేఖను పిలిచారు. పేరంతా గుర్తింపు కార్డులో పట్టక, ఆవిడ ఆఫీసులో సుందరి మేడం అయ్యారు.

"చూడమ్మా రేఖా, మంచిమాటంటే మనసుకి హాయిగా ఉండాలి కదా. నువ్వు పెట్టేవన్నీ ఎవర్నో దెప్పినట్టుంటున్నాయేంటమ్మా?"

"సామెతలు మేడం. నేను రాసినవి కావు."

"ఎవరు రాస్తేనేం? నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతోంది. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, పొడిగించమని నేను అడగలేను. ఆ పైన నీ ఇష్టం."

ఆ సాయంత్రం రేఖ నాయినమ్మ ముందు కూలబడింది.

"నాయినమ్మా, ఎవ్వర్ని గుచ్చని సామెత ఒక్కటి చెప్పు."

సత్తెమ్మ చేతిలో చాట ఆగింది. "గుచ్చకుంట చెవికి కమ్మ పడ్తదానే?"

"జర ఆలోచించు. నౌకరి పోతది."

సత్తెమ్మ ఆలోచించింది. ఉన్న సరుకంతా తిరగేసినా కోడలి మీదికి పోనిదీ, పక్కింటి మీదికి పోనిదీ చేతికి తగల్లేదు. చివరికి, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు," అంది. "గిది పెట్టు. దేవుడైతే వచ్చి ఫిర్యాదు చెయ్యడు."

మర్నాడు పొద్దున్నే ఒక లిఫ్టు చెడిపోయింది. మిగిలిన దాని మీద జనం పడ్డారు. లిఫ్టులు చూసే కిష్టయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"అమ్మా, ఒక్కల మీద ఒక్కలు పడ్తుండ్రు. తెర మీద ఒక ముక్క ఎయ్యిండ్రి."

రేఖ కంప్యూటర్లో రెండు గడులుంటాయి. పెద్ద గడి మంచిమాటకు. కింద సన్నటి పట్టీ ప్రకటనలకు. తొందరలో రేఖ ఒకటి రాయవలసిన చోట ఇంకొకటి రాసింది. దేవుడు సన్నటి పట్టీలోకి పోయాడు. తెర నిండా, ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ మీద, ఇలా పడింది:

ఎక్కేవారు ముందుగా దిగేవారికి దారి ఇవ్వవలెను.
— తెలుగు సామెత

ఆ రెండో వరుస ఎవరూ రాయనక్కర్లేదు. దానంతటదే పడుతుంది.

రేఖ కిందికి వచ్చి చూసేసరికి తెర ముందు పట్టాభిరామయ్య నిలబడి ఉన్నారు. ఆయన ఆ ఆఫీసుకు పెద్ద. పదవి దిగవలసిన రోజు ఎప్పుడో వచ్చినా, ఇదిగో అదిగో అంటూ జరుపుకొస్తున్నారు. ఆ కుర్చీ కోసం శ్యామ్ కాచుకుని ఉన్నాడన్న సంగతి కాఫీ మెషీన్‌కు కూడా తెలుసు.

తుడిచేద్దామంటే కంప్యూటర్ పై అంతస్తులో ఉంది.

పట్టాభిరామయ్య చదివారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు.

"ఇది నువ్వు పెట్టిందేనామ్మా?"

"సార్, అది... లిఫ్టుది సార్."

"అదేనమ్మా. మనందరిదీ లిఫ్టు బతుకే." ఆయన కళ్లజోడు మళ్లీ తీశారు. "మా అమ్మమ్మ అంటూ ఉండేది ఈ సామెత. ముమ్మిడివరంలో."

ముమ్మిడివరంలో ఆ అమ్మమ్మ ఏ లిఫ్టు ఎక్కిందో అడగడానికి అది సమయం కాదు. రేఖ తలూపింది.

శ్యామ్ కూడా వచ్చి చదివాడు. అతని ముఖం వెలిగింది. "మా వైపు కూడా అంటారండీ. కాస్త వేరేగా."

దిగేవారు దిగుతారని శ్యామ్‌కు అర్థమైంది. దిగేదాకా ఆగమని పట్టాభిరామయ్యకు అర్థమైంది. ఒకే మాట ఇద్దరికీ సరిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ పట్టాభిరామయ్య లిఫ్టులో కిందికి వచ్చారు. తలుపు తెరుచుకుంది. అప్పటిదాకా తెరను మెచ్చుకుంటూ నిలబడ్డ గుంపు ఒక్క ఊపున లోపలికి దూసుకెళ్లింది. అందరికంటే ముందు శ్యామ్. దిగవలసిన పెద్దాయన వెనక అద్దానికి అతుక్కుపోయి, అలాగే మళ్లీ పైకి వెళ్లిపోయారు.

సాయంత్రం సుందరి మేడం నవ్వుతూ వచ్చారు. "ఎంత హాయిగా ఉందో! నీ కాంట్రాక్టు పొడిగించమని పట్టాభిరామయ్యగారే చెప్పారు. రోజూ ఇలాంటివే వెయ్యమ్మా. ఎక్కడ దొరుకుతాయో ఏమో నీకు!"

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. నెత్తిన ఒక రేకు మీద, "తల, చేతులు బయట పెట్టరాదు" అని రాసి ఉంది. రేఖ దాన్ని రేపటికి అనుకుంది. దారిలో తవ్విన గోతి దగ్గర, "పని జరుగుచున్నది, నెమ్మదిగా వెళ్లుము." అది ఎల్లుండికి. ఊరంతా మంచిమాటలే. ఇన్నాళ్లూ వాటి ముందు నుంచే పోయి వచ్చింది.

గడప దగ్గరే సత్తెమ్మ ఎదురుచూస్తోంది. "ఏమన్నరే? దేవుడు పని చేసిండా?"

"దేవుడు కాదు నాయినమ్మా, వేరేది పడ్డది. అందరికి నచ్చింది." రేఖ ఆ మాట చెప్పింది.

సత్తెమ్మ చాటలో రాయి ఏరి పారేసింది.

"ఎక్కేటోళ్లు ఎవలు?"

"ఎవరో ఒకరు."

"దిగేటోళ్లు?"

ఆ మాటతోనే సత్తెమ్మ లేచింది. "సమజైంది బిడ్డా. ముసల్దాన్ని, ఇగ దిగు అంటున్నవ్. నా బియ్యం నేను చెరుక్కుంటున్న, నీకేం అడ్డమొచ్చిన్నే? గింత మాట నన్నెవ్వలు అనలే."

చాట గోడకు కొట్టి, లోపలికి పోయి, తల మీదుగా దుప్పటి కప్పుకుంది.

రేఖ నెమ్మదిగా చెప్పులు విప్పుకుంది. సామెత కానిదాన్ని సామెతన్నానే అని పొద్దుటి నుంచి ఉన్న బెంగ తీరింది. నాయినమ్మకు గుచ్చుకుంది. అయితే అది సామెతే.