ఉంగరం అక్కడ లేదన్న మాట

ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో మా ఊరివాడైన విల్ఫ్ ప్రోక్టర్ నలభై ఏళ్లు మురుగుకాలువలు తవ్వాడు. ఉద్యోగ విరమణ తరువాత మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాలు వెదకసాగాడు. రైతు అనుమతి లేనిదే గేటు దాటేవాడు కాడు. తవ్విన గుంతను గడ్డితో సహా పూడ్చనిదే కదిలేవాడు కాడు. ఫలానా చోట ఏమీ లేదని ఆయన చెబితే ఊరంతా నమ్మేది.

హిల్డా మార్స్‌డెన్ కూడా నమ్మింది. మూడేళ్ల కిందట, వానలో జరిగిన చాపెల్ (ఊరి చిన్న చర్చి) మైదానపు జాతరలో, కప్పులు కడగడానికని ఆమె తన పెళ్లి ఉంగరాన్ని తీసి బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకునేసరికి అది లేదు. పక్కనున్నది చెల్లెలు బెరిల్ ఒక్కతే. బురదలోకి జారి ఉంటుందని బెరిల్ అంది. హిల్డా మనసులో మాత్రం ఒక అనుమానపు ముల్లు మిగిలింది. ఇప్పుడు ఆ మైదానాన్ని కార్లు నిలపడానికి తారుతో కప్పబోతున్నారు. వెదికిపెట్టమని హిల్డా విల్ఫ్‌ను అడిగేసరికి మిగిలింది ఒక్క శనివారం.

యాభై జాతరల చెత్త ఆ నేలలో ఉంది: డేరా మేకులు, సీసా మూతలు, వెండికాగితం ముక్కలు. విల్ఫ్ తన డిటెక్టర్ కర్ర చివర, నేల మీద తిప్పే పళ్లెం లాంటి పెద్ద కాయిల్ బిగిస్తుండగా, డిటెక్టర్ల క్లబ్బు కార్యదర్శి మోరీన్ తన చిన్న కాయిల్‌ను అందించబోయింది.

"మేకు, ఉంగరం రెండూ నీ పళ్లెం కిందికి ఒకేసారి వస్తాయి విల్ఫ్. మేకులకు మోగకుండా యంత్రం నోరు నొక్కావంటే ఉంగరానికీ మోగదు. నా సాసర్ తీసుకో."

"అందులో టీ పోసుకు తాగు. దాంతో వెదికితే క్రిస్మస్‌కి గానీ అవతలి కంచె చేరను."

ఇనుముకు మోగకుండా యంత్రాన్ని సరిచేసుకుని, సాయంత్రానికల్లా మైదానమంతా తిరిగాడు. బకెట్టెడు మూతలు దొరికాయి. గేటు దగ్గర నిలుచున్న హిల్డాతో, "అక్కడ లేదమ్మా" అన్నాడు. ఆ ఆదివారం నుంచి చాపెల్‌లో ఆమె చెల్లెలి పక్కన కూర్చోవడం మానేసింది.

మరుసటి వేసవిలో, పాత మిల్లు శిథిలాలను వెదకడం కోసం విల్ఫ్ కూడా చిన్న కాయిల్ కొన్నాడు. పరీక్షించి చూద్దామని, చనిపోయిన భార్య ఉంగరాన్ని పెరటి గడ్డిలో రెండు మేకుల మధ్య పెట్టాడు. ముందుగా పెద్ద కాయిల్ తిప్పాడు. చప్పుడు లేదు. నెమ్మదిగా మళ్లీ తిప్పాడు. అయినా లేదు. చిన్నది ఇటునుంచీ అటునుంచీ స్పష్టంగా మోగింది. పది నిమిషాల పరీక్ష అది. ఆ శనివారం ఉదయమే చేసి ఉండాల్సింది. మైదానంలో ఇప్పుడు తారు మీద తెల్లగీతలు కూడా గీశారు.

ఆ మధ్యాహ్నమే హిల్డా ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పాడు.

"లేదని చెప్పకూడదమ్మా నేను. నాకు వినపడలేదని చెప్పాల్సింది."

ఆమె కలుపుతున్న టీ కప్పును పక్కన పెట్టింది. "బెరిల్‌తో మాట్లాడి పద్నాలుగు నెలలైంది ప్రోక్టర్ గారూ."

బెరిల్ దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని తానే ఒప్పుకుంటానన్నాడు. హిల్డా వద్దంది.

"మీరు తప్పుగా ఎంచుకున్నది కాయిల్‌నే. దొంగను ఎంచుకున్నది నేను."

తన కారులో ఆమెను బెరిల్ ఇంటిదాకా తీసుకువెళ్లాడు. బెరిల్ తలుపు తెరిచి, అక్క చెప్పిందంతా నిలబడే వింది. లోపలికి రమ్మనలేదు. ఒక్క మాటేదో చెప్పి మెల్లగా తలుపు వేసుకుంది.

హిల్డా తిరిగివచ్చి సీటుబెల్టు పెట్టుకుంది. "ఆలోచించుకోవాలట" అంది.

విల్ఫ్ వెంటనే తాళంచెవి తిప్పలేదు; చేతులు స్టీరింగు మీదే ఉంచి, ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటుందేమోనని చూశాడు.