పుర్రచేతి పాళీ

బాపు కర్మకాండ అయ్యాక ఆయన ఇనుప బీరువా సర్దుతుంటే పాత కళ్లద్దాల డబ్బాలో ఒక ఇంకు పెన్ను దొరికింది. ముదురు నీలం మీద బూడిదరంగు చారలు, పక్కన గోటితో పైకి లేపే చిన్న మీట. బాపు, అంటే మా నాన్న, బడిపంతులు. నాకు తెలిసినంత కాలం ఆయన చొక్కా జేబులో ఉన్నది మామూలు బాల్ పెన్నే. ఇంకు పెన్నుతో రాస్తుండగా మేమెవరమూ చూడలేదు.

నేను ఉద్యోగం చేసే మహబూబాబాద్‌కు దాన్ని తెచ్చుకుని, ఎండిన పాళీని గ్లాసు నీళ్లలో నానబెట్టాను. పొద్దున లేచి చూస్తే నీళ్లు నీలంగా ఉన్నాయి. మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ నీలమే. మనిషి బూడిదను కాళేశ్వరంలో కలిపి వచ్చాం, ఆయన ఇంకు మాత్రం ఇంకా వస్తూనే ఉంది. ఆ నీళ్లు మోరీలో పారబోయడానికి చెయ్యి రాలేదు. మందార కుండీలో పోశాను.

సెలవు రోజున జనగామ వెళ్లాను. అక్కడ గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకప్పుడు పెన్నులు కూడా చూసేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని పెన్నును వెలుతురులో తిప్పాడు. కంపెనీ పేరు అరిగిపోయింది కానీ, దాని కింద 'మేడ్ ఇన్ ఇంగ్లాండ్' అన్న అక్షరాలు మిగిలాయి. పాళీ మీద పద్నాలుగు క్యారెట్ల గుర్తు ఉంది.

"గిది దొరల పెన్ను కాదక్కా. గుమాస్తలు కొనుక్కునే అగ్గువ మాలు. కని పాళీ అసలు బంగారం" అన్నాడు.

అగ్గువ మాలు అన్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాను, బంగారం అన్నందుకు వెంటనే కోలుకున్నాను. లోపలి రబ్బరు తిత్తి ఎండి పొడిగా రాలిపోయింది. ఆయన కొత్త తిత్తి కోసి, పౌడరు అద్ది, లక్కతో అతికించాడు. మీట లేపి, ఇంకులో ముంచి, మెల్లగా దించితే పెన్ను ఇంకు తాగింది. ఆశగా నా పేరు రాయబోయాను. గరగరమంటూ కాగితాన్ని చీరేసింది.

ఆయన పెన్ను తీసుకుని మళ్లీ భూతద్దంతో చూశాడు. తర్వాత ఎడమ చేతికి మార్చుకుని ఒక గీత గీశాడు. చప్పుడు లేకుండా, తడితడిగా, నిండుగా సాగింది.

"గిది రాసినాయన పుర్రచేతోడక్కా. మొన గటుపక్క అరిగింది. జర నూరితే నీ చేతికి సాఫ్‌గ నడుస్తది."

"మా బాపు కుడిచేత్తోనే రాస్తుండె."

"అయితే గిది మీ బాపుది కాదు" అని ఆయన నూరే రాయి అందుకున్నాడు.

పెన్ను లాగేసుకున్నాను. ఒకసారి నూరితే, దీన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో చెప్పే ఆనవాలు ఇక ఉండదు. పైగా పుర్రచేతి సంగతి నా దగ్గర మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పుట్టుకతో నాదీ పుర్రచేతి వాటమే. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలోని బియ్యం మీదికి నా ఎడమ చెయ్యే పోయిందట. ఆ తర్వాత రోజూ సాయంత్రం బాపు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కుడిచేత్తో నా కుడిచేతిని పట్టి పలక మీద దిద్దించేవాడు. ఆయన ఎడమ చెయ్యి నా ఎడమ మణికట్టును నేలకు అదిమి ఉంచేది. ఆ ఎడమ అరచేతిలో నున్నటి మచ్చ ఒకటి ఉండేది. పాలగిన్నె తగిలి కాలిందని అందరికీ చెప్పేవాడు. "గా చెయ్యి కాదు బిడ్డా" అనేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. వదల్లేదు కూడా.

పెన్ను ఎవరిదో తెలిస్తే మా మేనత్తకే తెలియాలి. ఆ వారమే బస్సెక్కి భూపాలపల్లి పోయాను. అత్త పెన్నును చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది ఇంక ఉన్నదా? మీ బాపు మొదటి జీతంతోని కొనుక్కున్నడు. తలుపేసుకొని పుర్రచేత్తోని రాస్తుండె. ఏం రాస్తుండెనో నాకెర్కలేదు. రాసుడు, పొయ్యిల పెట్టుడు."

"బాపుది కుడిచెయ్యి గద అత్తా?"

"చేసిన్రు బిడ్డా. వానికి ఆరేండ్లున్నప్పుడు మీ తాత అట్లకాడ ఎర్రగ కాల్చి ఎడమ అరచేతిల వాత పెట్టిండు. పాలగిన్నె లేదు, ఏం లేదు."

నాకు జాలి రాలేదు, కోపం వచ్చింది. కాలిన చేతితోనే నా చెయ్యి అదిమాడా? ఆ మాటే అత్తతో అన్నాను. అత్త నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది.

"నువ్వు పలక దిద్దినప్పుడు మీ తాత బతికే ఉండె. గా అర్రలనే మంచమేసుకొని నీ చెయ్యినే చూస్తుండె. మీ బాపు ఇడ్సిపెడితే ఏమైతుండెనో వానికి ఎర్కే."

ఇంటికి వచ్చి మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, పెన్ను ఎడమ చేతిలోకి తీసుకున్నాను. యాభై ఏళ్లు దాటిన దాన్ని, పలక పిల్లలా 'అ' దగ్గర మొదలుపెట్టాను. పాళీ తన దారి తనకు తెలిసినట్టు జారింది. అక్షరం వంకర పోయింది కానీ గరగర లేదు. ఇంత హాయిగా ఉంటుందా రాయడం అనిపించింది. కానీ మణికట్టు నొప్పి పుడుతోంది. ఎందుకా అని చూస్తే, నా కుడి చెయ్యి ఎప్పుడు వచ్చిందో వచ్చి ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది, బాపు పట్టుకున్నట్టే. వేళ్లు తియ్యబోతే రాలేదు. నాకు భయం వేసింది.

"ఇగ ఇడ్సిపెట్టు బాపూ. తాత లేడు" అన్నాను.

కొంతసేపటికి వేళ్లు ఒక్కొక్కటిగా సడలాయి.