ఇస్త్రీ సార్ దగ్గర నా మొదటి కేసు

పెనుకొండ బస్టాండులో ఇప్పుడు టీ సగం కప్పే పోస్తున్నారు. అడిగితే చెయ్యి కాలకుండా ఉండటానికట. ఆ రోజుల్లో గ్లాసు నిండా పోసేవారు. నా బుర్ర మాత్రమే సగానికి ఉండేది. లేకపోతే హిందూపురంలో ఇస్త్రీ సార్ అనే ప్లీడరు దగ్గర జూనియరుగా చేరేవాణ్ణా? ఆయన కోడిదొంగల్నీ కొడవలి కేసుల్నీ ముట్టేవారు కాదు. ఇస్త్రీ చొక్కా నలగని ముద్దాయిలైతేనే పట్టేవారు. (వాళ్లలో ఒక్కరూ నేరం చేసి ఉండరని ఆయన అభిప్రాయం. ఫీజు అందాక అది మరింత గట్టిపడేది.)

ధర్మవరంలో ఒక సహకార సంఘం మేనేజరు, బుక్కపట్నం అవ్వ ఒకామె చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఆమె పేరున అప్పు తీసి తానే వాడుకున్నాడని కేసు. మేనేజరు మా కక్షిదారు. కోర్టులో అవ్వ అతణ్ణి గుర్తుపడితే అతనికి జైలు. లేకపోతే ఆ అప్పు కింద ఆమె వేరుశనగ చేను పోతుంది. వాయిదాకు వారం ముందు సార్ నన్ను పిలిచి, "పోల్చి చూడాలప్పా, తెల్లకాగితం మీద ఆయమ్మ వేలిముద్ర ఒగటి పట్టుకురాపో" అన్నారు. వెళ్లాను. నా నల్లకోటునూ చేతిలో కాగితాన్నీ చూడగానే అవ్వ తనంతట తానే బొటనవేలు చాపింది. ఆ వైపు ఊళ్లలో కాగితంతో ఎవరొచ్చినా వేలు ముందొస్తుంది, మాట తర్వాత. పని ఇంత సులువా అని బస్సులో ఈల వేసుకుంటూ తిరిగొచ్చాను.

పెనుకొండ కోర్టులో సార్ లేచి తియ్యగా అడిగారు. "అవ్వా, తెల్లకాగితం మీద నీ ఏలిముద్ర ఏపిచ్చుకున్నోడు ఈడ ఉండాడా?"

"ఉండాడు సామీ."

"యాడ? చూపించు."

అవ్వ వేలు బోనులో ఉన్న మేనేజరును దాటి సార్ వెనక నిలబడ్డ నా మీదికొచ్చి ఆగింది. "ఇదో, ఈ పిల్లోడు!" ఆమె ఇంకేదో చెప్పబోతుండగానే సార్ "చాలు" అని కూర్చున్నారు. ఎదుటి ప్లీడరు నవ్వు ఆపుకోలేక మళ్లీ అడగడమే మరిచాడు. మేనేజరు మీద కేసు అక్కడే కొట్టేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎల్‌ఎల్‌బీ చదివింది నిండు కోర్టులో దొంగనిపించుకోడానికా? వరండాలో సార్‌ను నిలదీశాను. "ఏమప్పా, ఆయమ్మ అబద్ధం చెప్పెనా?" అని ఆయన కారెక్కారు. (ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది: చేను పోయింది ఆమెకు, రోషం వచ్చింది నాకు.) ఆ రోషంతోనే నేరుగా అవ్వ దగ్గరికి పోయాను.

"ఏమవ్వా, నన్ను దొంగను చేస్తివే!"

అవ్వ సంచి చంకకు తగిలించుకుంటూ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఆ మేనేజరయినా ఏదో ఒగ అబద్ధం చెప్పి ఏపిచ్చుకున్యాడప్పా. నువ్వు అది గూడా చెప్పల్యేదు."