ముడి లేని కుట్టు

కువబారా కినూకి యాభై నాలుగేళ్ళు. నోరు పెద్దది, కుట్టు సన్ననిది. మొగుడు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినుంచి ఒక ఉత్తరాది ఊళ్ళో, జైలు ప్రహరీ వెనక గదిలో ఖైదీల బట్టలు కుట్టుకుంటూ బతుకుతోంది. చిరుగులు, గుండీలు, చలికాలపు దూది కోట్లు రోజువారీ పని. ఎవరికైనా ఉరి ఉంటే మాత్రం ఒక తెల్ల అంగీ. అలాంటివి పదకొండు కుట్టింది. ఎవరికని ఒక్కసారీ అడగలేదు. అడిగితే సూది కదలదేమోనని భయం. ఆ భయానికే ఆమె మర్యాద అని పేరు పెట్టుకుంది. మనలో చాలామంది చేసే పనే అది.

మంచు కరిగి వాకిలంతా బురదైన రోజుల్లో వార్డరు సుగవారా తెల్లగుడ్డ ఒకటి, ఒక మూట పట్టుకొచ్చాడు.

"పిన్నీ, ఎల్లుండి పొద్దున. అంగీ రేపు సాయంత్రానికల్లా కావాలి. ఈ మూటేమో వాళ్ళమ్మకివ్వాలి. రేపు ఆఖరిచూపుకొస్తోంది. నెత్తుటి మరకలతో ఇస్తే ఏం బావుంటుంది, కాస్త ఉతికిపెట్టు."

"కుట్టేదీ నేనే, ఉతికేదీ నేనేనా? మీ ఆవిడకివ్వరాదూ?"

"ఆవిడ చేతికిస్తే మూటతో పాటు నన్నూ బండకేసి బాదుతుంది."

మూట విప్పగానే అడక్కుండానే ఎవరిదో తెలిసిపోయింది. నీలం పనికోటు, వీపు మీద పరుపుల కొట్టు గుర్తు. రెండేళ్ళుగా ఊరంతా చెప్పుకున్న కోటు అది. మీసో అనే సోయా ముద్ద అమ్మే వ్యాపారి హోసొయాని గిడ్డంగిలో ఎవరో తల పగలగొట్టి చంపారు. పక్కన గడ్డిలో నెత్తురోడుతూ ఈ కోటు దొరికింది. ఈ కోటు తొడుక్కున్న మనిషి పరిగెత్తుతుంటే చూశానని శవపేటికల కొట్టు గెంపచి ప్రమాణం చేశాడు. కోటు పరుపులు కుట్టే యసుకిచిది.

"నాదే కానీ, నాలుగు రోజుల ముందే దండెం మీంచి పోయింది. అప్పటికే కోటు కుడిచెయ్యి భుజం దగ్గర ఊడి వేలాడుతోంది" అన్నాడు యసుకిచి. కోర్టులో కోటు విప్పి చూపించారు. చెయ్యి ఊడలేదు, గట్టిగా అతుక్కునే ఉంది. ఇక ఆ మనిషి ఏం చెప్పినా అబద్ధమే అయింది. పై కోర్టులూ అదే మాటన్నాయి. తీర్పు ఖాయమయ్యాక కోటు జైలుకి వచ్చింది.

కినూ తొట్టిలో నీళ్ళు పోసింది. ముంచబోయేముందు, కుట్టేవాళ్ళకుండే అలవాటుకొద్దీ, కోటుని లోపలివైపుకి తిరగేసింది. కుడిభుజం దగ్గర ఎవరో తర్వాత వేసిన కుట్లు తొమ్మిది ఉన్నాయి. దారం కూడా నెత్తురు పీల్చి నల్లబడింది. అంటే హత్యకి ముందే కుట్టారు. ముడి కోసం వేలితో తడిమింది. మొదట్లో ముడి లేదు. చివరా లేదు. దారాన్ని కత్తెరతో కోయలేదు, పళ్ళతో తెంపారు.

ఆమె చేతిలోంచి కోటు జారిపోయింది.

బతికున్నవాళ్ళ బట్టకి అలా ఎవరూ కుట్టరు. పోయినవాళ్ళకి వేసే అంగీకే ముడి వెయ్యరు, వేస్తే ప్రాణం ఇక్కడే చిక్కుకుపోతుందని. కత్తెరా తాకనివ్వరు. తెల్ల అంగీ ముగించి లేచిన వెంటనే ఖైదీల గుండీలు కుడితే కినూ చెయ్యి కూడా ముడి మరిచిపోయేది. తిట్టుకుంటూ విప్పి మళ్ళీ కుట్టేది. మరి రోజూ పోయినవాళ్ళకే కుట్టే చేతి మాటేమిటి? ఆ ఊళ్ళో అలాంటి చెయ్యి ఒక్కటే ఉంది. శవపేటికల కొట్టు గెంపచిది. పెళ్ళాం పోయినప్పటినుంచి శవాల అంగీలు కూడా అతనే కుడుతున్నాడు.

ఆ పదకొండు అంగీలూ ఎవరెవరికో అడిగి చూడలేదే అని కినూకి అనిపించింది. ఏప్రన్ కూడా విప్పకుండా, కోటు పట్టుకుని జైలు అధికారి చిబా గదిలోకి వెళ్ళి కుట్లు చూపించింది.

"కినూ గారూ, మూడు కోర్టులు చూసిన కోటిది" అన్నాడాయన.

"ఆ జడ్జీల్లో ఎవరికైనా సూది పట్టడం వచ్చాండీ?"

"ఎవరో ముడి మరిచిపోయుంటారు."

"ఒక కొస మరుస్తారు. రెండు కొసలూనా?"

చిబా కోటు ముందుకు లాక్కుని భుజం తిరగేశాడు. "దారప్పోగు చూపించి మంత్రిగారి ఉరి ఉత్తర్వు ఆపమంటే నవ్వుతారు."

"రేపు గెంపచి శవపెట్టె తెస్తాడు కదా. మీ కోటు జేబు నేను చింపుతాను. మీరు మాట్లాడకుండా కూర్చోండి చాలు."

మర్నాడు మధ్యాహ్నం గెంపచి పెట్టె దించి, సంతకం చెయ్యడానికి లోపలికొచ్చాడు. కినూ టీ ఇచ్చింది.

"గెంపచి గారూ, నా కళ్ళద్దాలు ఇంట్లో మరిచాను. అయ్యగారు ఈ జేబుతో వీధిలోకెళ్తే నా పరువు పోతుంది. నాలుగు కుట్లు వేద్దురూ."

"జైలు కుట్టుమనిషికి నా సాయమా! ఊళ్ళో చెప్పుకుని తిరుగుతాను చూడు" అని నవ్వుతూ సూది అందుకున్నాడు. చకచకా కుట్టి, దారం పళ్ళతో పుటుక్కున తెంపి, కోటు చిబా చేతికిచ్చాడు.

చిబా జేబు తిరగేశాడు. ముడి లేదు. సొరుగులోంచి నీలం కోటు తీసి, భుజం తిరగేసి, పక్కనే పెట్టాడు.

గెంపచి రెండింటినీ చూశాడు. తర్వాత తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"చెయ్యి వేలాడుతూ అడ్డమొచ్చింది. అందుకని... నేనే కుట్టుకున్నాను" అన్నాడు.

మిగతాదంతా ఏడుస్తూ తనే చెప్పాడు. శవాల ఒంటి మీది పట్టుబట్టలు పెట్టె మూసేముందు విప్పి అమ్ముకునేవాడట. హోసొయా, చచ్చిపోయిన తన పెళ్ళానికి తొడిగి పంపిన కిమోనో పాతబట్టల కొట్లో వేలాడుతుంటే చూశాడట. ఊరందరికీ చెప్తానన్నాడట. అందుకే నేరం యసుకిచి మీద పడేలా అతని కోటు దొంగిలించి, అది తొడుక్కుని వెళ్ళి చంపాడట.

చిబా అక్కడికక్కడే ఫోన్ తీశాడు. సాయంత్రంలోగా ఉరి ఆపమని జవాబొచ్చింది. మళ్ళీ విచారించి యసుకిచిని వదిలిపెట్టడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ రోజు మటుకు చెప్పాల్సిన మాట ఒకటే ఉంది, ఆ మాట తనే చెబుతానంది కినూ.

బయట బల్ల మీద యసుకిచి తల్లి అన్నం ముద్దల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"అమ్మా, వాడి కోటు ఇస్తామన్నారు. ఉతకలేదా? పర్లేదు, నేనుతుక్కుంటాలే."

"ఆ కోటు ఎవరూ ఉతక్కూడదు వదినా. జడ్జీగారు చూడాలి."

ముసలామెకి అర్థం కాలేదు. డబ్బా ముందుకు చాచింది. "ఇదైనా వాడికిస్తారా? ఆఖరిసారి కదా అని ముద్దకి ఉప్పులో ఊరేసిన రేగుపళ్ళు రెండేసి పెట్టాను."

"ఇస్తాను. వచ్చేవారం ఒక్కోటే పెట్టండి, దాహమేస్తుంది."

"వచ్చేవారమా?"

"వచ్చేవారమే. ఆ పైవారం కూడా. మీవాడు చంపలేదు వదినా, అందరికీ తెలిసిపోయింది."

ముసలామె నేల మీదికి జారి, డబ్బాని గుండెలకి హత్తుకుని బావురుమంది. కినూ ఆమె పక్కనే చతికిలబడి, ఆమెకంటే గట్టిగా ఏడ్చింది.