లైను చివరి ఇల్లు

మొన్న మా ఆయన స్నేహితుడొకాయన పాత వ్యానును ఇల్లులాగా మార్చుకొని, అందులోనే మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, నెత్తిమీద ఏసీ కూడా పెట్టుకొని, పెళ్ళాంపిల్లలతో అడవులు చూడబోతూ ఖమ్మంలో మా వాకిట్లో ఒక పూట ఆగిండు. వ్యానుకు కరెంటు కావాలంటే వరండాలో బోర్డు చూపించిన. ఆయన వెంటనే వైరు గుచ్చలేదు. జేబులోంచి అరచేతిలో పట్టేంత తెల్లటి మీటరు తీసి ముందు దాన్ని ప్లగ్గులో పెట్టిండు. ఎర్ర అంకెలు వెలిగినై. "అబ్బ, మీ ఓల్టేజ్ బంగారం అక్కా! నిన్న ఆగిన కాడ ఏసీ వేస్తే కంప్రెసర్ కాలిపోయేదే" అని మురిసిపోయిండు. కొత్త ప్లాస్టిక్ వేడెక్కితే వచ్చే వాసన, కొంచెం తియ్యగా, కొంచెం ముక్కు మండేటట్టు, నా దాకా వచ్చింది. అందరూ నవ్వుకుంటూ టీలు తాగుతుంటే నేను ఆ అంకెల ముందు నిలబడిపోయిన. బంగారమట! ఈ బంగారం మా ఇంటికి రావాల్సినప్పుడు రాలేదు, ఇప్పుడొచ్చి ఏం వెలగబెట్టాలె?

మా ఊరు పినపాక దాటినంక, తారు రోడ్డు వదిలి, అడవి అంచున ఉంటది. ఊరంటే ఒక్కటే బజారు. మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్ణుంచి వరుసగా కోయవాళ్ళ ఇళ్ళు, నడుమ మాలాగా ఆదివారం ప్రార్థన చేసుకునే రెండు మూడు ఇళ్ళు, చిట్టచివర మాది. మా వెనక ఇక స్తంభం లేదు, టేకుచెట్లే. ముందు చేలకు పారంగా మిగిలిన నీళ్ళు చివరి మడికి వచ్చినట్టు, ఊరంతా వాడుకోంగా మిగిలిన కరెంటు మాకు వచ్చేది. పొద్దుగూకితే మా బల్బు పండిన తునికిపండు రంగు తేలేది, ఫ్యాను రెక్కలు ఎన్నున్నయో కూర్చొని లెక్కపెట్టుకోవచ్చు. "మన ఫ్యాను గాలి ఇసరదే, ఈగల్ని తోలుతది" అనేది మా నాయనమ్మ, తన తాటాకు విసనకర్రతోనే ఫ్యానుకు కూడా గాలి విసురుతున్నట్టు నటించి మమ్మల్ని నవ్వించేది.

కరెంటు ఎట్లున్నా మాకు నవ్వులాటే అయ్యేది, మా తమ్ముడు సాము లేకుంటే. వాడి పేరు సామ్యేలు. పుట్టిన కాన్నుంచీ ఉబ్బసం. చలిగాలి తగిలినా, మిర్చి కల్లంలో గాటు లేచినా, వాడి రొమ్ములో పిల్లికూన కూర్చొని అరిచినట్టు చప్పుడొచ్చేది. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ ఒక మిషన్ రాసిచ్చింది. చిన్న డబ్బా, దానికి పైపు, పైపుకు మాస్కు. మందు పోసి స్విచ్ వేస్తే పొగలాగా ఆవిరి వస్తది, అది పీలిస్తే ఊపిరి ఆడుతది. కానీ మా డిమ్ము కరెంటుకు ఆ మిషన్ ముసలెద్దులాగా మూలిగేది తప్ప ఆవిరి వచ్చేది కాదు. మా నాయన మణుగూరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు కింద డంపర్ నడిపేవాడు. అక్కడ కరెంటు సామాన్ల కొట్టులో అడిగి, ప్లగ్గులో గుచ్చితే ముల్లు లేచి ఓల్టేజ్ చూపించే మీటరొకటి తెచ్చిండు. మిషన్ మంచిగ నడవాలంటే ముల్లు ఎక్కడిదాకా రావాలో కనుక్కొని, అక్కడ అమ్మ గోళ్ళరంగుతో ఎర్రగీత గీసిండు. ఆనాటి నుంచి మా ఇంట్లో అందరి కండ్లూ గడియారం మీద కాదు, ఆ గీత మీదనే.

సాముకు ఆయాసం మొదలైతే నాయనమ్మ చేతిలో పని చేతిలోనే వదిలి గడప దాటేది. ఆమె గొంతు చిన్నది కాదు. "పిల్లగానికి ఆవిరి పెడుతున్నం, ఆపుండ్రో!" అని ఒక్క కేక పెడితే పక్కింటి కన్నమ్మత్త అందుకునేది, ఆమె నుంచి సోమయ్య మామ, ఆయన నుంచి అవతలి ఇల్లు, అట్ల కేక మీద కేక ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయేది. ఒక్కొక్క ఇంట్లో బల్బు ఆరిపోయేది. తింటున్నోళ్ళు చీకట్లోనే కంచంలో చెయ్యి పెట్టుకొని కూర్చునేవాళ్ళు, టీవీ చూస్తున్నోళ్ళు కథ సగంలో కట్టేసేవాళ్ళు. ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి నల్లబడుతుంటే మా మీటరులో ముల్లు వణుకుకుంటూ లేచేది. సాము మాస్కు కిందనుంచే కిటికీలోకి చూస్తూ లెక్క చెప్పేవాడు: "కన్నమ్మత్త ఆపిందే. ఆ పెద్దింటోళ్ళు ఆపిన్రు. అగో, సోమయ్య మామ ఆపలే అక్కా, దొంగ!" అంతలో సోమయ్య మామ ఇంట్లోనూ బల్బు ఆరేది, ముల్లు గీత దాటేది, మిషన్ గొంతు సవరించుకొని బుస్సుమనేది. తెల్లటి ఆవిరి వాడి మొహం చుట్టూ కమ్ముకునేది. ఎవరి ఇంట్లో వాళ్ళు చీకట్లో కూర్చొని మావాడు ఊపిరి తీసుకునేదాకా ఆగేవాళ్ళు. ఒక్కరు విసుక్కున్న పాపాన పోలేదు. నా తమ్ముణ్ణి కన్నది మా అమ్మ అయినా, పూటపూటా బతికించింది ఆ బజారు.

ఆయాసం లేని రోజుల్లో సాము అంత అల్లరోడు ఇంకొకడు లేడు. ఎండాకాలం తెల్లారకముందే ఇప్పచెట్ల కిందకు పోయేవాళ్ళం, రాలిన ఇప్పపూలు మెత్తగా కాళ్ళ కింద నలిగి, పులిసిన తీపి వాసన బట్టలకంటుకొని మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఏరిన పూలు బుట్టలో కంటే వాడి నోట్లోనే ఎక్కువ పడేవి. తునికాకు కోసే రోజుల్లో పెద్దోళ్ళు కల్లం మీద కట్టలు పేరుస్తుంటే మేం చెట్టెక్కి తునికిపండ్లు తిని, నాలుక పిడచగట్టుకపోయి, వంకరటింకరగా మాట్లాడి ఒకళ్ళనొకళ్ళం వెక్కిరించుకునేవాళ్ళం. తొలకరి పడితే వెదురుకొమ్ముల కూర, బోడకాకర వేపుడు, చూరు నుంచి కారే నీళ్ళ కింద పెట్టిన గిన్నెల చప్పుడు. ముత్యాలమ్మ పండుగకు కన్నమ్మత్త ఇంటి నుంచి ఆకుల్లో కట్టిన కోడికూర మాకొచ్చేది, క్రిస్మస్‌కు మా అరిసెలు, మురుకులు వాళ్ళింటికి పోయేవి. పండుగ ముందు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అతికించి, పొడుగాటి బొంగుకు ఎత్తేవాళ్ళం. లోపల బల్బు వేస్తే మా కరెంటుకు అది మిణుగురులాగా ఉండీ లేనట్టు వెలిగేది. "దూరపు చుక్కలు గట్లనే ఉంటయి, మీకేం ఎరుక" అని సాము మమ్మల్నే దబాయించేవాడు.

మిర్చి బాగా పండిన ఏడు ఊళ్ళోకి కూలర్లు వచ్చినై. మా కరెంటుకు కూలరు తిరగదు కాబట్టి దాని వెనకే స్టెబిలైజర్లు వచ్చినై. సత్తుపల్లి దిక్కు నుంచి ఒకాయన ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి ఇంటింటికీ అంటగట్టిండు. డబ్బా పెట్టి స్విచ్ వేస్తే చాలు, డిమ్ము అన్న మాటే లేదు, కూలరు జుయ్యిమని తిరుగుతుంది. ఊరికి పెళ్ళి వచ్చినట్టే. మా నాయన కూడా అందరికంటే పెద్దది తెచ్చి మిషన్ పక్కన పెట్టిండు, నాయనమ్మ దానికోసం ప్రార్థన కూడా చేసింది. కొన్నాళ్ళు బాగనే ఉంది. ఇక కేకలెందుకనుకున్నరు అందరూ. "మీకూ డబ్బా వచ్చింది గదా అవ్వా, ఇక పిల్లగాడికి ఢోకా లేదు" అని సోమయ్య మామ మనస్ఫూర్తిగా సంబరపడ్డడు. ట్రాన్స్‌ఫార్మర్ కాడి ఇంటిదాకా అన్ని ఇళ్ళల్లోనూ డబ్బాలు వచ్చినంక, మా ముల్లు మాత్రం మునుపెన్నడూ లేనంత కిందికి పడిపోయి అక్కడే కూర్చున్నది. మా డబ్బాకు ఆ కరెంటు చాలక టక్కుమని ఆగేది, మళ్ళా టక్కుమని పట్టుకునేది, మళ్ళా ఆగేది.

అది ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. నాయన డ్యూటీలో ఉన్నడు. గాలిదుమారం లేచి ఆకులూ దుబ్బా ఇంట్లోకి కొట్టింది, సాముకు ఆయాసం పట్టుకున్నది. అమ్మ మాస్కు పెట్టింది. డబ్బా టక్కు టక్కుమంటున్నది, మిషన్ మూలుగుతున్నది, ఆవిరి లేదు. నాయనమ్మ గడపలో నిలబడి కేక పెట్టింది. కూలర్ల హోరులో ఆ కేక కన్నమ్మత్త ఇంటిదాకా కూడా పోలేదు. నేను ఉరికిన. నన్ను చూడంగనే కన్నమ్మత్త మనవరాలిని నిద్రపుచ్చుతున్నదల్లా లేచి వచ్చింది.

"ఏందిరా బిడ్డా, సాముకేనా?"

"అవ్ అత్తా, జల్దీ ఆపు!"

ఆమె ఫ్యాను ఆపింది. ఫోను చార్జరు పీకింది. దేవుడి పటం ముందున్న చిన్న ఎర్రబల్బు కూడా తీసేసింది. కూలరు తిరుగుతనే ఉన్నది. నేను అటు చూస్తే, "గా కూలరు లైనుది కాదు బిడ్డా, స్టెబిలైజర్ కరెంటు మీద నడుస్తంది. దానితోని మీకేం తక్కువ గాదు" అన్నది. నిజంగనే అట్ల అనుకున్నది. ఊరంతా అట్లనే అనుకున్నది. డబ్బా దాని కరెంటు అదే పుట్టిస్తదని, అందుకే కదా అంత బరువుంటదని. ప్రతి ఇంట్లో పరుగు పరుగున టీవీలు ఆపిన్రు, ఫ్యాన్లు ఆపిన్రు, పట్టపగలు వెలగని బల్బుల స్విచ్చులు కూడా తడిమి చూసుకున్నరు. కూలరు ఒక్కటి మాత్రం ఏ ఇంట్లోనూ ఆగలేదు.

నేను తిరిగొచ్చేసరికి ముల్లు కొంచెం లేచి, గీతకు ఇవతలనే ఆగింది. సాము పెదవులు నల్లబడ్డై. వాడి కండ్లు మీటరు మీదనే ఉన్నై. "లేస్తదా అక్కా?" అన్నడు. "లేస్తది రా, ఊరంతా ఆపిన్రు" అన్న. సోమయ్య మామ ఆటో తెచ్చిండు. పినపాక చేరకముందే, అమ్మ ఒళ్ళో, నా తమ్ముడు పోయిండు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉన్నది. కన్నమ్మత్త మా అమ్మ కాళ్ళు పట్టుకొని, "అన్నీ ఆపినం వదినా, ఒక్కటి కూడా ఉంచలే, అన్నీ ఆపినం" అని గుండెలు బాదుకున్నది. అమ్మ ఆమె తల నిమిరింది.

తర్వాత నేను ఖమ్మంలో డిప్లొమా చదివిన, ఎలక్ట్రికల్. ఎందుకు అదే తీసుకున్నవని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఒకరోజు ల్యాబులో స్టెబిలైజర్ విప్పి చూపిచ్చిన్రు. అది కరెంటు పుట్టించదు. లైనులో ఓల్టేజ్ పడిపోయినకొద్దీ, దాని వస్తువును నడపడానికి అదే లైను నుంచి ఇంకా ఎక్కువ గుంజుకుంటది. అట్ల ఇంటింటికీ ఒకటి పెడితే చివరి ఇంటికి ఏం మిగులుతది? క్లాసులోంచి లేచి బయటకొచ్చి గోడకానుకొని ఏడ్చిన. ఇంటికి పోయి అమ్మకు చెప్పిన, ఊళ్ళో కూడా చెప్తనన్న. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పకు. కన్నమ్మకు తెలిస్తే బతుకుతదా? చెప్తే సాము వస్తడా?" అన్నది. చెప్పలేదు. కన్నమ్మత్త అన్నీ ఆపిననుకుంటనే పోయిన ఏడు కన్నుమూసింది.

ఇప్పుడు మా ఊరికి దగ్గర్లోనే సబ్‌స్టేషన్ ఉన్నది, కొత్త లైను ఉన్నది, చివరి ఇంటికీ మొదటి ఇంటికీ ఒక్కటే ఓల్టేజ్. నాయనమ్మ పోయింది, నాయన పోయిండు, ఆ ఇల్లు అమ్మేసినం. ఇప్పచెట్లు చాలామటుకు గని కిందికి పోయినై. పక్కింటి పిల్లగాడికి ఊపిరాడాలని అన్నం ముందర చీకట్లో కూర్చునే మనుషులు ఉండేవాళ్ళంటే అక్కడి పిల్లలే నమ్మరు. వాళ్ళకు ఎవరి కరెంటు వాళ్ళది.

అమ్మ నా దగ్గరనే ఉంటది. పోయిన వారం మధ్యాహ్నం మా పై వాటాలో కిరాయికి దిగినోళ్ళ పసిపిల్ల ఆగకుండా దగ్గింది, కాసేపటికి ఆవిరి మిషన్ చప్పుడు మొదలైంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫ్యాను ఆపింది. ఫ్రిజ్జు ఆపింది. చివరికి గోడ మీదున్న ఏసీ ఆపి, దాని స్టెబిలైజర్ స్విచ్చు కూడా ఆపింది.

"అమ్మా, ఇప్పుడు అవసరం లేదే. వాళ్ళకు కరెంటు నిండుగ వస్తది."

"ఎరికేనే" అన్నది.

మెట్ల దగ్గర నిలబడి పైకి చెవి పెట్టింది. చెమటలు కారిపోతున్నా కదల్లేదు. మిషన్ ఆగింది, పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, గట్టిగ, రొమ్ము నిండా గాలి పీల్చుకొని. అమ్మ మెట్టు మీద కూలబడ్డది. "కన్నమ్మ ఒక్కతి ఆ కూలరు ఆపినా వాడు బతికేటోడే" అన్నది. ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చింది అదొక్కసారే, ఇద్దరం అక్కడనే, ఆ ఉక్కలోనే కూర్చున్నం.