ఉక్కు హెల్మెట్‌లో చింతపండు పులుసు

ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం అందరికీ తెలిసిందే. నేను నెత్తిన పెట్టుకున్నాను, అదీ చింతపండు పులుసులో. ఎలాగో చెబుతాను, మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

డెబ్భైల చివర్లో విశాఖలో ఓ యుద్ధనౌక మీద నేను కుర్ర నావికుణ్ణి. ఆదివారం భీమిలిలో నాకు పెళ్లిచూపులు. సెలవు ఇంకా మంజూరు కాలేదు. అలాంటప్పుడు బుద్ధిగా ఉండాలా వద్దా? ఉండలేదు. నెలల తరబడి రొట్టె, పప్పు తిని నాలుక చచ్చిపోయి, ఫిషింగ్ హార్బర్ నుంచి గుట్టుగా చేపలు తెప్పించాను. ఓడ వంటగదిలో పనిచేసే సింహాద్రిది మా పక్క ఊరే. వాడొక షరతు పెట్టాడు.

"సేపలు నాను వండుతాను బావా. పులుసు నువ్వు కలిపి తే. గిన్నె మాత్తరం అడక్కు, మా గిన్నెలు బయటికివ్వరు."

నా దగ్గర గిన్నె లేదు. పాత ఉక్కు హెల్మెట్ ఉంది. లోపలి తోలు పట్టీలు ఎప్పుడో ఊడిపోయాయి; బోర్లిస్తే టోపీ, తిరగేస్తే గిన్నె. శుభ్రంగా తోమి, అందులో చింతపండు పిసికి, కారం దట్టంగా కలిపాను. ఉప్పు దొరకలేదు.

సరిగ్గా అప్పుడే గంటలు మోగాయి. యుద్ధ విన్యాసం. అందరూ హెల్మెట్లు పెట్టుకుని డెక్ మీద నిలబడాలి. పులుసు సముద్రంలో పారబోద్దామని నేనూ పరుగెత్తాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ముందు ఆఫీసరు, చేతిలో పులుసు.

పక్కనే నిలబడ్డ సింహాద్రి గొణిగాడు. "ఏటి బావా, పెసాదంలా పట్టుకున్నావ్? పారబోసీ."

"ఆయన నన్నే సూత్తన్నాడు బావా."

"హెల్మెట్ ఉన్నది చేతికా, నెత్తికా? పెట్టు" అని ఆఫీసరు హిందీలో గద్దించాడు.

ఎదురు చెబితే సెలవు పోతుంది. సెలవు పోతే సంబంధం పోతుంది. కళ్లు మూసుకుని పెట్టేసుకున్నాను.

ఎర్రటి పులుసు నుదుటి నుంచి గడ్డం దాకా కారింది. కంట్లో కారం పడి నేను పెట్టిన కేకకి ఆఫీసరు ముఖం పాలిపోయింది. "తల పగిలింది, స్ట్రెచర్ తెండి" అన్నాడు. కాదు సార్, పులుసు అని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఓడ డాక్టరుది గోదావరి జిల్లా. నా నుదురు తుడిచి, వేలు వాసన చూసి, నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు వెయ్యలేదేమయ్యా?"

"దొరకలేదండి. ఆదివారం పెళ్లిచూపులండి. సెలవు పోతుందండి" అని నిజంగానే ఏడ్చాను.

ఆయన గీత కూడా పడని నా తలకి గుమ్మడికాయంత కట్టు కట్టాడు. బయటికెళ్లి, నాకు విశ్రాంతి కావాలని ఆఫీసరుతో అన్నాడు. సెలవు వచ్చేసింది.

భీమిలిలో ఆ కట్టు చూడగానే పిల్ల తండ్రి కళ్లొత్తుకున్నాడు. "దేశం కోసం నెత్తురు కార్సిన మనిసి. ఇంకేటి సూత్తాం, ముహూర్తం ఎట్టించేద్దాం." నేను కట్టు సర్దుకున్నాను. పెళ్లి జరిగిపోయింది.

మొదటి ఆదివారం మా ఆవిడ నాకు తలంటుతూ, జుట్టు పాయలు పాయలుగా తీసి వెతకడం మొదలుపెట్టింది.

"మచ్చ ఏదండీ? ఎక్కడా నేదు."

చెప్పాను. ఆవిడ చెంబుడు కుంకుడు రసం నా కళ్లలోకే పోసింది.

ఆ కళ్లు తుడుచుకుంటూ, సింహాచలం కొండవైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నెత్తిన పెట్టుకునేదానిలో పులుసు కలపను. కలిపినా, ఉప్పు లేకుండా అస్సలు కలపను.