కత్తికి ముందు మాట

మొన్న నా మోకాలి ఆపరేషన్‌కు ముందు వీపు మీద స్పిరిటు రాశారు. చల్లగా తగిలింది. సూది వేశాక నడుము కింద మొద్దుబారిపోయింది. తెర అవతల ఒక్కొక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పుకోవడం వినిపించింది. ఎవరో అమ్మాయి కాగితం చూసి, ఏ కాలు, ఏ మందు పడదు అని అడుగుతోంది. అందరూ జవాబిస్తున్నారు. ఇప్పుడది నియమమట. అలాంటి కాగితమేదీ లేని రోజుల్లో ఆ పనిని పట్టుబట్టి చేయించిన మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆమె పేరు దీనమ్మ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను తెనాలి వైపు నుంచి నంద్యాలలో ఒక ఆసుపత్రికి నర్సుగా వచ్చాను. మత్తు ఇవ్వడానికి వేరే డాక్టరు ఉండేవారు కారు. కోసేది సర్జన్ గారు, మత్తు ఇచ్చేది దీనమ్మ సిస్టర్. దొర్నిపాడులో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం ఆమెది. రోగి తల దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, ముఖం మీద తీగ ముసుగు, దాని మీద గుడ్డ పెట్టి, ఈథర్‌ను చుక్కచుక్కగా వేసేది. ఎడమచేతి వేళ్ళు ఎప్పుడూ రోగి దవడ కిందే ఉండేవి. సర్జన్ గారిది మంచి హస్తవాసి. కాని ఆపరేషన్ గదిలో ఎవరైనా మాట్లాడితే సహించేవారు కారు.

నేను చేరిన రెండో నెలలో, గజ్జల్లో పేగు జారిందని సుంకన్న అనే ఉయ్యాలవాడ రైతు వచ్చాడు. ఆపరేషన్ రోజు పొద్దున "అన్నం తిన్నారా?" అని అడిగాను. "లేదమ్మా, అన్నం తినలే" అన్నాడు. కడుపు ఖాళీ అని చీటీలో రాశాను. బల్ల ఎక్కించేటప్పుడు ఆయనకు తేన్పు వచ్చింది. పులిసిన వాసన. నాకు అనుమానం తగిలింది. అప్పటికే సర్జన్ గారు చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడ్డారు. నేను నోరు విప్పలేదు.

కోత పెట్టిన కాసేపటికి దీనమ్మ, "చెయ్యి తియ్యండి సార్" అంది. ఆయన వినిపించుకోలేదు. "చెయ్యి తియ్యమంటాండా" అంది మళ్ళీ, గొంతు పెంచకుండానే. ఆయన తలెత్తేలోగా సుంకన్నకు వాంతి అయింది. దీనమ్మ ముసుగు లాగి పారేసి, సుంకన్న తల పక్కకు తిప్పి, బల్లను తలవైపు దించమని నాకు చెప్పింది. వేలికి గుడ్డ చుట్టుకుని గొంతులోంచి తోడింది. ఆయన పెదవులు నీలంగా మారాయి. సర్జన్ గారు గాయాన్ని గుడ్డతో అదిమిపట్టి కదలకుండా నిలబడ్డారు. ఎంతసేపో చెప్పలేను. చివరికి గరగరమంటూ ఊపిరి వచ్చింది. గుడ్డలో ఉన్నది జొన్న సంగటి.

"కడుపు ఖాళీ అని రాసిందెవరు?" అని సర్జన్ గారు అడిగారు.

"కరుణ రాసింది. నేను మళ్ళా అడగలే. ఇద్దరిదీ తప్పే" అంది దీనమ్మ.

ఆమె నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను. నా పేరు చెప్పినందుకు మనసు కష్టపెట్టుకున్నాను. అయినా ముసుగులు కడిగేటప్పుడు తేన్పు సంగతి ఆమెతో చెప్పేశాను. ఆమె చేతులు ఆగాయి.

"తెలిసీ ఎందుకు చెప్పలే?"

"డాక్టరు గారు కోప్పడతారని."

"కోప్పడితే ఏమైతాది? ఇంటికి పోయి ఏడుస్తావు. అంతే కదా."

సుంకన్నకు నెమ్ము చేసి పన్నెండు రోజులు జ్వరం కాసింది. పెన్సిలిన్ సూదులన్నీ నేనే వేశాను. కాస్త తేరుకున్నాక, అలా ఎందుకు చెప్పారని అడిగాను. "నువ్వు అన్నం అడిగితివి కదమ్మా. మాకు అన్నం యాడిది, పండగకే. సంగటి అడిగింటే చెప్తాంటి" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. నేనే నా ఊరి మాటతో అడిగాను. దీనమ్మ ఆ మాట విని, "పొద్దున్నుంచి నోట్లోకి ఏమేం పోయిందని అడుగు" అంది.

ఆ వారమే ఆమె నన్ను వెంటబెట్టుకుని సర్జన్ గారి గదికి వెళ్ళింది. "సార్, కత్తి పట్టకముందు గదిలో ఉన్నోళ్ళంతా తెలిసింది చెప్పాల. చెప్పందే నేను సీసా మూత తియ్యను."

"ఆయా కూడానా?"

"హుసేనమ్మ కూడా. రోగులు మనకంటే ఆయమ్మతోనే ఎక్కువ మాట్లాడతారు."

ఆయన కాగితాలు తిరగేస్తూనే, "సరే, తొందరగా కానివ్వండి" అన్నారు.

కొన్ని నెలలు ఆయన గోడవైపు చూస్తూనే విన్నారు. ఒకసారి ఆళ్ళగడ్డ నుంచి కడుపులో గడ్డతో ఒకామె వచ్చింది. మేమంతా చెప్పడం అయ్యాక, పనిముట్లు ఉడకబెట్టే హుసేనమ్మ, "ఆయమ్మకు కింద పన్ను ఊగుతాంది సార్. నోరు కడుక్కునేటప్పుడు చూస్తి" అంది. మత్తులో ఊడితే ఆ పన్ను ఊపిరిగొట్టంలోకి జారేది. సర్జన్ గారు ముందు పన్ను పీకి, తర్వాత కడుపు కోశారు. ఆ పై ఆపరేషన్ రోజున, దీనమ్మ అడగకముందే, "హుసేనమ్మా, ముందు నువ్వు చెప్పు" అన్నారు.

మూడేళ్ళు దీనమ్మ పక్కన నిలబడి మత్తు ఇవ్వడం నేర్చుకున్నాను. తర్వాత నన్ను ఆళ్ళగడ్డలో ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. ఆమె చూపు మందగించి దొర్నిపాడు వెళ్ళిపోయింది. ఆ ఏడే కన్నుమూసింది. కబురు అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది.

ఆళ్ళగడ్డలో ఒకరోజు నేను ఈథర్ వేస్తుండగా, కొత్తగా చేరిన నర్సు, "అక్కా, ఆపండి. ఊపిరి ఆడటం లే" అంది. ఊపిరి ఆడుతోంది. నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. డాక్టరు చెయ్యి ఆగింది. అందరి ముందు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. సీసా పక్కన పెట్టి, ముసుగెత్తి చూపించాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ చెప్పు" అన్నాను.

ఎవరైనా నన్ను తప్పుపడితే కోపం ఇప్పటికీ వస్తుంది. అది దిగేదాకా ఆగడం మాత్రం దీనమ్మ వల్ల వచ్చింది. ఆ పిల్ల నాతో ఆరేళ్ళు పనిచేసింది. చాలాసార్లు ఆపించింది. వాటిలో రెండుసార్లు ఆమె చెప్పిందే నిజమైంది. ఆ ఇద్దరు రోగులూ నడిచే ఇంటికి వెళ్ళారు.